కచేరీ లేనివాళ్ల గిటార్

గిటార్ కొనుక్కుందామని వెళ్లిన నడివయసు మనిషిని దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, "ఎవరికండీ? బాబుకా, పాపకా?" నాకే అని చెప్పామో, పైవరసలో వేలాడుతున్న గిటార్ల వైపు వెళ్లబోయిన చెయ్యి కాస్తా కింది వరసకి దిగిపోతుంది. "మీకిదైతే కంఫర్ట్‌గా ఉంటుంది మేడమ్" అంటూ ఓ చిన్నదాన్ని తీసి ఒళ్లో పెడతారు. ఆడవాళ్లమైతే ఆ చెయ్యి ఇంకాస్త కిందికే దిగుతుంది. మన వయసూ ఎత్తూ భుజాల వెడల్పూ ఒక్క చూపులో కొలిచేసి, ఏం వాయించాలనుకుంటున్నామో అడక్కుండానే, మనకి ఎంత శబ్దం చాలో వాళ్లే తేల్చేస్తారు.

నా దగ్గర చిన్నది అప్పటికే ఉంది. మా అబ్బాయి ముచ్చటపడి కొనిపించుకుని, ఆ మరుసటేడు క్రికెట్ కోచింగ్‌లో పడి మర్చిపోయిన త్రీక్వార్టర్ సైజు గిటార్. మన ఇళ్లలో నాలాంటివాళ్ల గిటార్ చదువు చాలావరకు ఇలాగే మొదలవుతుంది, పిల్లలు వదిలేసిన వాయిద్యం మీద. డబ్బు పోసి కొన్నది ఊరికే పడుందే అని ఓ సాయంత్రం దుమ్ము దులుపుతాం. సి, జి, ఎ మైనర్ పట్టుకోవడం వస్తుంది. ఎఫ్ దగ్గర అందరూ ఆగినట్టే ఆగుతాం. తరవాత ఎప్పుడో, ఎవరింట్లోనో నిండు సైజు గిటార్ ఒళ్లోకి తీసుకుని అదే జి కార్డు కొడతాం. ఇక ఇంటికొచ్చాక మన గిటార్ గొంతు పీలగా వినిపించడం మొదలవుతుంది. అంతకు ముందురోజు దాకా దానికే మురిసిపోయాం మరి.

పెద్దది కొంటానంటే మా ఇంట్లో ముగ్గురు మూడు మాటలన్నారు. "వద్దాంటీ, భుజం లాగేస్తాది" అన్నాడు నాకు నేర్పే కుర్రాడు. "ముందు ఉన్నదాని మీద నాలుగు పాటలు బాగా రానీ, తరవాత చూద్దాం" అన్నారు మా ఆయన. మా అత్తగారు ఈ సంగీత చర్చలోకి దిగనే లేదు. "అమ్మాయ్, అంత పెద్దది ఈ ఇంట్లో ఎక్కడ పెడతావు?" అన్నారంతే. కుర్రాడి మాటలో నిజముంది, దాని సంగతి ముందు ముందు చెబుతాను. అత్తగారి ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. నన్ను పట్టుకున్నది మా ఆయన మాట, ఎందుకంటే అది ఆయన ఒక్కరి మాట కాదు. ఫస్టు క్లాసు వస్తే వాచీ, సీటొస్తే బండి అంటూ పెరిగిన తరం మాది. ముందు అర్హత, ఆనక వస్తువు. యాభై దగ్గర పడ్డాక మార్కులు వేసేవాళ్లు ఎవరూ మిగలరు. అప్పుడు మనకి మనమే పరీక్ష పెట్టుకుని, మనల్ని మనమే ఫెయిల్ చేసుకుంటూ ఉంటాం.

ఈ లెక్క వీణ దగ్గర పనిచెయ్యదు, అదే విచిత్రం. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణలు చేస్తారు. ఒక్క దుంగలోంచి తీసింది ఏకాండి వీణ. పొడవు నాలుగడుగుల దాకా ఉంటుంది. సరళీ స్వరాలు మొదలుపెట్టే పదేళ్ల పిల్ల ముందు కూడా ఆ నిండు వీణనే పెడతారు. జంట స్వరాలు దాటాక పెద్దది కొందాం అని అన్న తండ్రిని మా ఉత్తరాంధ్రలో నేను చూడలేదు. (బొబ్బిలిలో చిన్న వీణలూ చేస్తారు. అవి సన్మానాల్లో చేతిలో పెట్టేవి, షోకేసుల్లో ఉండేవి.) వీణ అంటే అంతే ఉంటుందని ఒప్పుకున్నాం గనక దాని సైజు గురించి అర్హత ప్రశ్న రాలేదు. గిటార్ రకరకాల సైజుల్లో దొరకడంతో వచ్చిన తంటా ఇది.

అసలు పెద్ద గిటార్‌కి అంత పెద్ద చరిత్రేం లేదు. పంతొమ్మిదో శతాబ్దపు గిటార్లు ఇప్పటివాటి పక్కన పెడితే పీలగా కనిపిస్తాయి. ఓ గదిలో నలుగురు కూర్చుని వినడానికి చేసినవవి. ఈరోజు దుకాణంలో గిటార్ అనగానే కనిపించే ఆ వెడల్పాటి నడుము, నలుచదరపు భుజాలున్న ఆకారం పేరు డ్రెడ్‌నాట్. 1906లో బ్రిటిష్ నౌకాదళం జలప్రవేశం చేయించిన యుద్ధనౌక పేరు అది. పన్నెండంగుళాల ఫిరంగులు పది మోసుకు తిరిగిన ఆ ఓడ ముందు అప్పటిదాకా ఉన్న యుద్ధనౌకలన్నీ రాత్రికి రాత్రి పాతబడిపోయాయట. పదేళ్లకి, 1916లో, అమెరికాలో మార్టిన్ కంపెనీ డిట్సన్ అనే వ్యాపార సంస్థ కోసం ఒక భారీ గిటార్ చేసి దానికి ఆ పేరే పెట్టింది. తన సొంత పేరుతో 1931లో గానీ బయటికి తేలేదు. 1934లో పెట్టె బయట ఉండే ఫ్రెట్లు పన్నెండు నుంచి పద్నాలుగు అయ్యాక ఇప్పుడు మనం చూసే రూపం స్థిరపడింది. మా విశాఖలో బీచ్ రోడ్డు మీద నడకకి వెళ్తే నిజమైన యుద్ధనౌకలే కనిపిస్తాయి కాబట్టి, ఒళ్లో పెట్టుకునే చెక్కపెట్టెకి ఓడ పేరేమిటని నవ్వొచ్చింది. ఇంకో తమాషా: ఆ ఓడ ఫిరంగి గొట్టం లోపలి వెడల్పు పన్నెండంగుళాలు, ఈ గిటార్‌కి మామూలుగా వేసే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండు వంతులు. దుకాణంలో వాటినీ పన్నెండులనే అడుగుతారు.

అంత పెద్ద పెట్టె ఎందుకు కావలసి వచ్చిందంటే, మైకులు లేవు. పాడేవాళ్ల గొంతుకి తోడుగా, పక్కన బాంజో, ఫిడేలూ ఖంగుమంటుంటే వాటి మధ్య గిటార్ వినపడాలి. పేగు తీగలు పోయి ఉక్కు తీగలు వచ్చాయి, వాటి లాగుడికి తట్టుకునేలా లోపలి బద్దలు గట్టిపడ్డాయి, పెట్టె లావెక్కింది. అంతా జనానికి వినిపించడం కోసమే.

ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది. వేదిక మీద వాయించేవాళ్లు గిటార్‌కి వైరు తగిలిస్తారు, శబ్దం సంగతి స్పీకర్లు చూసుకుంటాయి. స్టూడియోలో అయితే పెద్ద గిటార్ మంద్రస్వరాలు మైకులో హోరెత్తి తక్కినవాటిని కప్పేస్తాయి. అందుకే చాలామంది రికార్డింగ్‌కి చిన్న బాడీ గిటార్ పట్టుకెళ్తారు. పెద్దది పట్టుకెళ్లినా, కింద బేస్ గిటార్ ఉంది గనక సౌండ్ ఇంజనీరు ఆ అడుగు స్వరాలని కత్తిరించేస్తాడు. అంటే గిటార్ మీద బతికేవాళ్లు ఆ పెట్టెలోని అసలు ధనాన్ని పనికోసం వదులుకోవాలి. వాళ్లు దేన్ని ఎంచుకున్నా పక్కవాళ్లకీ మైకుకీ టికెట్ కొన్నవాళ్లకీ కుదరాలి. నా పక్కన బేస్ గిటార్ లేదు, ఇంజనీరు లేడు, టికెట్టూ లేదు. సభ కోసం పుట్టిన గిటార్‌ని దాని మొత్తం గొంతుతో వాడుకోగలిగేది ఈరోజు గదిలో ఒంటరిగా కూర్చున్న నాలాంటి కాలక్షేపం మనిషే. నాలుగు పాటలు వచ్చాక కొనుక్కోమన్న మాటకి నా జవాబు ఇదే: బాగా వచ్చినవాళ్ల కన్నా నాకే అది ఎక్కువ పనికొస్తుంది.

ఆ మంద్రం ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగని ఉత్తినే మీటితే సెకనుకి సుమారు 82 సార్లు కంపిస్తుంది. తీగ ఎంత ఊగినా గాలిని పెద్దగా కదపలేదు. పైచెక్కా, పెట్టెలో ఉన్న గాలీ కలిసి ఆ పని చెయ్యాలి. ఖాళీ బిందె మూతి దగ్గర ఊదితే హోరుమంటుంది కదా, బిందె పెద్దదైతే ఆ హోరు ఇంకా కిందికి దిగుతుంది. గిటార్ పెట్టెలోని గాలికీ అలా ఓ సొంత స్థాయి ఉంది. డ్రెడ్‌నాట్‌లో అది సెకనుకి 100 కంపనాల దరిదాపుల్లో ఉంటుంది. పెట్టె చిన్నదయ్యే కొద్దీ అది పైకి జరుగుతుంది. అందువల్ల చిన్న గిటార్ మీద లావు తీగ మీటితే ఆ 82 నీరసంగా వచ్చి, దాని రెట్టింపూ మూడు రెట్లూ ఉండే పైస్వరాలే గట్టిగా వినిపిస్తాయి. వాటిని పట్టుకుని అడుగున ఏముండాలో మెదడే పూరించుకుంటుంది. ఫోన్ స్పీకర్‌లో పాట వింటూ కూడా అందులో బేస్ ఉందని మనం అనుకోవడం ఈ పూరణ వల్లే. చిన్న గిటార్‌లో శ్రుతి తెలుస్తుంది గానీ ఒంటికి తగలదు. పెద్ద పెట్టెలో తగులుతుంది.

శబ్దం వెళ్లే దారి కూడా వాయించేవాళ్ల వైపే ఉంది. హెచ్చు స్వరాలు గిటార్ ముఖం ఎటుంటే అటు సూటిగా పోతాయి. మంద్రం అలా కాదు, అన్ని వైపులకీ పాకుతుంది, వెనక్కీ వస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకి మిలమిలలు వినిపిస్తే, వెనక ఉన్న మనకి బరువు వినిపిస్తుంది. ఆపైన వెనక చెక్క మన పొట్టకి ఆనుకునే ఉంటుంది. లావు తీగ మీటినప్పుడు ఆ చెక్క అదరడం పక్కటెముకలకి తెలుస్తుంది. ఆఫీసులో పొద్దున్నించీ ఫైళ్లూ ఫోన్లూ చూసి వచ్చిన ఒంటికి అది ఎంత హాయో గిటార్ వాయించనివాళ్లకి చెప్పడం కష్టం. వినేవాళ్లకి ఇందులో వాటా లేదు. మా ఆయన హాల్లోంచి, "రెండూ ఒకేలా ఉన్నాయే" అన్నారు. ఆయన కూర్చున్న చోట నిజంగానే అంత తేడా ఉండదు.

ఆడవాళ్లకి పెద్ద గిటార్ నప్పదనే వాళ్లు మేబెల్ కార్టర్ ఫోటో ఒక్కసారి చూడాలి. వర్జీనియా కొండప్రాంతపు మనిషి. 1927లో బ్రిస్టల్ ఊళ్లో కార్టర్ కుటుంబం తొలిసారి రికార్డింగ్‌కి కూర్చున్నప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. పాటలకి డబ్బులు రావడం మొదలయ్యాక ఆమె కొనుక్కున్నది గిబ్సన్ ఎల్-5, వయొలిన్‌కి ఉన్నట్టు ఎఫ్ ఆకారం రంధ్రాలుండే పెద్ద గిటార్. అడుగున పదహారంగుళాల వెడల్పు. ధర 275 డాలర్లు, ఆ రోజుల్లో అది పెద్ద సొమ్ము. ఆమెకు ఆ సైజు ఎందుకు కావలసి వచ్చిందో వాయించే తీరు చూస్తే తెలుస్తుంది. బొటనవేలితో లావు తీగల మీద పాట వరస నడిపిస్తూ, పైన సన్న తీగల మీద వేళ్లతో తాళం కొట్టేది. అంటే పాటంతా మంద్రంలోనే ఉంది. ఆ మంద్రం పలకని పెట్టె ఆమెకు ఏం పనికొస్తుంది? గిటార్ వెనక వరసలో తాళం కొట్టుకుంటూ కూర్చోనక్కర్లేదని అమెరికా పల్లెపాటలకి నేర్పిన చెయ్యి అది. ఆ గిటార్ ఇప్పుడు నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉంది.

ఇక భుజం సంగతి. నాకు నేర్పే కుర్రాడు అబద్ధం చెప్పలేదు. కానీ చాలామంది పెద్ద గిటార్ అంటే వెడల్పనుకుంటారు, బాధ అక్కడ లేదు. మార్టిన్ కొలతలే తీసుకుంటే, మధ్యరకం ట్రిపుల్ ఓ గిటార్ అడుగున 15 అంగుళాలు, డ్రెడ్‌నాట్ 15.6. అరంగుళం పైచిలుకు తేడా. లోతు చూస్తే అది 4.1, ఇది 4.9. కుడిచెయ్యి పెట్టె మీంచి దాటి రావాల్సింది ఈ లోతునే. దానికి తోడు డ్రెడ్‌నాట్‌కి నడుము సన్నం కాదు గనక తొడ మీద ఎత్తుగా కూర్చుంటుంది, భుజం పైకి లేస్తుంది. జంబో అనే రకం పదిహేడంగుళాల దాకా వెడల్పున్నా నడుము బాగా నొక్కి ఉంటుంది, అందుకని కొందరికి అదే ఒళ్లో బాగా ఒదుగుతుంది. కాబట్టి పేరు చూసి భయపడకుండా ఒళ్లో పెట్టుకుని చూడాలి. కుర్చీలో కూర్చున్నా స్ట్రాప్ వేసుకుంటే, లేదా ఎడమ కాలి కింద చిన్న పీట వేసుకుని గిటార్‌ని ఆ తొడ మీదకి మారిస్తే, భుజం చాలావరకు దిగుతుంది. అప్పటికే భుజం పట్టేసి డాక్టరు చుట్టూ తిరుగుతున్నవాళ్లు మాత్రం నా మాట వినొద్దు. వాళ్లకి ట్రిపుల్ ఓ మంచిది. గోరూ పిక్కూ లేకుండా మునివేళ్లతో మెత్తగా మీటేవాళ్లకి కూడా చిన్న పెట్టే ముందు పలుకుతుంది, పెద్ద పైచెక్కకి కొంచెం గట్టి మీటు కావాలి.

ఎడమచేతి వేళ్ల బాధ వేరు, దానికీ పెట్టె సైజుకీ సంబంధం లేదు. అది తీగ పొడవుదీ మందానిదీ. డ్రెడ్‌నాట్‌లో తీగ పలికే పొడవు మామూలుగా 25.4 అంగుళాలు. కానీ గిబ్సన్ 1942లో తెచ్చిన జె-45 పెట్టె పెద్దదే అయినా తీగ పొడవు 24.75. మన దేశంలో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా కొనే యమహా ఎఫ్310 కూడా 634 మిల్లీమీటర్లే, అంటే పాతికంగుళాల లోపు. పొడవు తగ్గితే తీగ బిగువూ కాస్త తగ్గుతుంది. పన్నెండుల సెట్టు బిగిస్తే ఆరు తీగలూ కలిసి డెబ్భై కిలోలకి పైగా లాగుతాయి. పదకొండులో పదులో వేసుకుంటే వేళ్లకి సుఖం, మంద్రం కొంచెం పలచబడుతుంది. నేను పదకొండుల దగ్గర ఆగాను. తీగల ఎత్తు తగ్గించే సెటప్ చేయించుకుంటే సగం బాధ అక్కడే పోతుంది. దుకాణంవాళ్లు అడిగితే గానీ చెయ్యరు.

చెక్క దగ్గర సముద్రపు ఒడ్డున ఉండేవాళ్లు కాస్త ఆగి ఆలోచించాలి. ఖరీదైన గిటార్లకి పైచెక్క సాలిడ్ స్ప్రూస్, వెనకా పక్కలా సాలిడ్ రోజ్‌వుడ్. 1969లో మార్టిన్ కంపెనీ బ్రెజిల్ రోజ్‌వుడ్‌ని వదిలి మన దేశపు రోజ్‌వుడ్‌కి మారింది. మనం ఇరుగుడు, జిట్టేగి అనే చెట్టే అది. తాతలనాటి మంచాలకీ బీరువాలకీ వాడిన కర్ర పెన్సిల్వేనియా వెళ్లి గిటారై, దిగుమతి సుంకంతో సహా మన దగ్గరికి తిరిగొస్తుంది. కానీ సాలిడ్ చెక్క గాల్లో తేమ సగం దగ్గర ఉంటే కుదురుగా ఉంటుంది. విశాఖలో, కాకినాడలో ఆ సుఖం ఏడాదిలో ఎన్నాళ్లు? వానాకాలంలో పైచెక్క ఉబ్బి తీగలు లేచి కూర్చుంటాయి. హైదరాబాదువాళ్లకి ఎండాకాలంలో దీనికి తిరగేసిన కష్టం, చెక్క ఎండి పగులుతుంది. అందుకని పైచెక్క సాలిడ్, పక్కలూ వెనకా ప్లై అన్న మధ్యేమార్గం నేను ఎంచుకున్నాను. పెద్ద గిటార్‌కి పైచెక్కే ప్రాణం, డబ్బు అక్కడ పెట్టాలి. గిటార్ దాచే కేసులో సిలికా జెల్ సంచులు పడేసి, వాయించాక తీగలు పొడిగుడ్డతో తుడిస్తే మా ఊరి గాలికి అవి కొన్నాళ్లు ఎక్కువ బతుకుతాయి. కట్‌అవే ఉందా, లోపల పికప్ ఉందా అని నేను చూడలేదు. పన్నెండో ఫ్రెట్ దాటి వెళ్లే పని నాకు లేదు, వైరు తగిలించే వేదికా లేదు. ఆ డబ్బు చెక్కలోకి పోయింది.

చిన్న గిటార్‌ని అమ్మలేదు, పక్క ఫ్లాట్‌లో నాలుగో తరగతి పిల్లకి ఇచ్చేశాను. త్రీక్వార్టర్ సైజు చేసింది ఆ భుజాలకే.

మీరూ వెళ్లేట్టయితే మధ్యాహ్నం పూట, దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లండి. చేతుల్లేని కుర్చీ అడిగి కూర్చోండి, పది నిమిషాలకి కాదు, భుజం తన మాట తాను చెప్పేదాకా. గోడకి వేలాడుతున్న గిటార్ తీగలు తుప్పుపట్టి ఉంటాయి, అన్నిటికన్నా ముందు చచ్చేది లావు తీగలే, కొత్త సెట్టు వేయించి గానీ ఏదీ తేల్చుకోకండి. కార్డులూ పాటలూ పక్కన పెట్టి ఆ లావు తీగ ఒక్కటి మీటి, ఆగేదాకా ఊరుకోండి. దుకాణం కుర్రాడు మీ చేతిలోంచి తీసుకుని, ఎదురుగా నిలబడి అదరగొట్టేలా వాయించి చూపిస్తాడు. ఎంత బాగున్నా దాన్ని విని కొనకండి. రేపు మీ ఇంట్లో మీరు కూర్చునేది గిటార్ వెనక.